సెలైన్ లైన్ల పనికి ప్రత్యేక బృందం వేయండి: శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యారోగ్య శాఖ అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యులకు,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డ్యూటీ డాక్టర్లం, హౌస్ సర్జన్లం, స్టాఫ్ నర్సులం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే సంగతి మీద ముందు వినతిపత్రం ఇచ్చాం, తర్వాత గుర్తు కూడా చేశాం. "చూద్దాం" అన్న మాట తప్ప జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

మేమడుగుతున్నది ఒక్కటే. రోగి చేతికి సెలైన్ లైను (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం, దీన్నే కాన్యులా అంటాం) వేయడం, వేసిన లైనును పూటపూటా చూసుకోవడం, అవసరం తీరగానే తీసేయడం, ఈ మూడు పనులూ శిక్షణ ఇచ్చిన కొద్దిమంది నర్సులకు పూర్తికాలపు బాధ్యతగా అప్పగించండి.

ఇప్పుడు ఈ పని ఎవరిదో తేలదు. చాలా బోధనాసుపత్రుల్లో మొదటి లైను క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ వేస్తారు. రోగి వార్డుకి వచ్చాక అది ఔటైతే సిస్టర్ ప్రయత్నిస్తారు. నరం దొరక్కపోతే మళ్లీ హౌస్ సర్జన్‌కే ఫోను. వాళ్లు ఆ సమయానికి థియేటర్‌లోనో, కొత్త అడ్మిషన్ కేస్ షీటు రాస్తూనో, రక్తం బ్యాగు కోసం బ్లడ్ బ్యాంకు దగ్గరో ఉంటారు. ఈలోగా మంచం పక్కన కూర్చున్న అమ్మ "సిస్టరమ్మా, సెయ్యి పొంగిపోనాది" అని వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉంటుంది. దీనివల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో వరసగా చెబుతాం.

1. డాక్టరు సమయం. 500 పడకల ఆసుపత్రిలో రోజుకు 80 లైన్లు వేయాల్సి వస్తుందనుకుందాం. సామాను కూడగట్టుకోవడం, చేతులు శుభ్రం చేసుకోవడం, నరం వెతకడం, వేయడం, అతికించడం, రాయడం అన్నీ కలిపితే తేలికైన చెయ్యికి 10 నిమిషాలు, కష్టమైన చెయ్యికి 30 నిమిషాలు పడుతుంది. సగటున 15 నిమిషాలు వేసుకున్నా రోజుకు 20 గంటల పని. ఇది ఊహ లెక్కే, మీ ఆసుపత్రి సంఖ్యలతో మీరే సరిచూసుకోండి. ఈ 20 గంటల్లో డాక్టర్ల మీద పడే భాగం ఎంతైనా సరే, అది రోగిని పరీక్షించడం నుంచి, రిపోర్టు చదవడం నుంచి, రోగి బంధువుకు జబ్బేమిటో చెప్పడం నుంచి కోసుకుపోతున్న సమయమే.

2. ఆలస్యమయ్యే మందు. ఉదయం 8 గంటలకు పడాల్సిన సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, లైను లేక 11 గంటలకు పడుతుంది. మందుల చార్టులో ఆ మూడు గంటలు కనిపించవు. సెప్సిస్‌తో (ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరి) షాక్‌లోకి వెళ్తున్న రోగికి, గుర్తించిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గంటలో అరగంట నరం వెతకడానికే పోతే మిగిలేది ఏమిటి?

3. హడావిడిలో తప్పే మెట్లు. లైను వేయడం అందరికీ వచ్చిన పనే అనుకుంటారు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

సరైన పద్ధతి ఇది. గుచ్చే చోటుకి 8 నుంచి 10 సెంటీమీటర్ల పైన టూర్నికే (నరం ఉబ్బేలా బిగించే పట్టీ) కట్టాలి, దాన్ని నిమిషానికి మించి బిగించి ఉంచకుండా చూసుకోవాలి. 70 శాతం ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకంతో 30 సెకన్లు రుద్దాలి, మరో 30 సెకన్లు ఆరనివ్వాలి. ఆరాక ఆ చోటును మళ్లీ వేలితో తాకకూడదు. 15 నుంచి 25 డిగ్రీల వాలులో గుచ్చి, కాన్యులా వెనక గదిలో రక్తం కనబడగానే వాలు తగ్గించాలి. ఇంకో 2 మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని సూది మీంచి లోపలికి జార్చాలి. టూర్నికే విప్పి, గొట్టం కొనకు పైన నరాన్ని వేలితో నొక్కి పట్టి సూది బయటకు తీయాలి. 5 మిల్లీలీటర్ల సెలైన్‌తో ఫ్లష్ చేసి (గొట్టంలోకి తోసి శుభ్రం చేసి), చర్మం కనబడే పారదర్శక డ్రెస్సింగ్ అతికించి, దాని మీద తేదీ, సమయం రాయాలి.

ఒక్కరే పది పనుల మధ్య పరుగెత్తుకొచ్చి వేస్తే జరిగేది వేరు. స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి, ఆరకముందే మళ్లీ వేలు పెట్టి నరం వెతుకుతారు. ముందే చింపి మంచం కమ్మీకి అంటించి ఉంచిన ప్లాస్టర్ ముక్కలు తెచ్చి నేరుగా పుండు నోటి మీదే వేస్తారు. ఆ కమ్మీని ఎన్ని చేతులు పట్టుకున్నాయో! వార్డు బల్ల మీద 100 మిల్లీలీటర్ల సెలైన్ బాటిల్ ఒకటి ఉంటుంది. దాని రబ్బరు మూతకి సూది గుచ్చేసి ఉంచి, పొద్దుటి నుంచి రాత్రి దాకా అందరికీ అందులోంచే ఫ్లష్ లాగుతారు. సూక్ష్మజీవి ఒక్కసారి ఆ బాటిల్‌లో చేరితే ఆ వార్డంతా తిరుగుతుంది. ఇంకొకటి మరీ ప్రమాదం. గొట్టం లోపలికి పోకపోతే, సగం లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకే దూరుస్తారు. సూది మొన ప్లాస్టిక్‌ను కోసేస్తే ఆ ముక్క రక్తంలో కలిసి గుండె వైపు పోతుంది.

మోచేతి మడతలో నరం లావుగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది అక్కడే వేస్తారు. రోగి చెయ్యి మడిచినప్పుడల్లా గొట్టం వంగుతుంది, సెలైన్ ఆగుతుంది, తెల్లవారేసరికి లైను ఔట్. మళ్లీ గుచ్చుడు.

వేశాక చూసేవాళ్లు లేకపోవడం ఇంకా పెద్ద లోపం. గుచ్చిన చోట ఎరుపు, నొప్పి, వాపులకు 0 నుంచి 5 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది. 2 వస్తే లైను తీసేయాలి. నొప్పి మొదలైన పూటే తీస్తే చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. "ఎలాగోలా సెలైన్ ఎక్కుతోంది కదా" అని ఉంచేస్తే చీము పట్టొచ్చు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి రక్తంలో చేరితే కనీసం 14 రోజుల ఇంజెక్షన్లు. జ్వరానికి మూడు రోజులుండి పోదామని వచ్చిన కూలీ, చేతి మీద పుండుతో రెండు వారాలు ఉండిపోవాల్సి వస్తుంది. ఆ రెండు వారాల కూలి ఎవరిస్తారు? తోడున్న మనిషి కూలి సంగతేమిటి?

4. సైజుల గందరగోళం. కాన్యులా రంగును బట్టి సైజు: ఆకుపచ్చ 18, గులాబీ 20, నీలం 22, పసుపు 24. సైజు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. తయారీదారులను బట్టి కాస్త అటూ ఇటూగా 18లో నిమిషానికి 90 మిల్లీలీటర్లు, 20లో 60, 22లో 35 పారుతుంది. కాన్పు తర్వాత రక్తస్రావమవుతున్న తల్లికి రెండు చేతులకూ 16 గాని 18 గాని ఉండాలి. స్టాకులో ఏది ఉంటే అది, చేతికి ఏది అందితే అది వేస్తే, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో చేతికి నీలం గొట్టం ఉంటుంది.

5. ఉద్దానం చేతులు. మా డిమాండుకు అన్నిటికంటే బలమైన కారణం ఇదే. మరే జిల్లా వాళ్లు ఆలస్యం చేసినా మనం చేయడానికి వీల్లేదు.

ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నుంచి వచ్చే కిడ్నీ రోగుల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ యంత్రాలు వచ్చాయి. అయితే యంత్రానికి రక్తం అందించేది రోగి చేతిలోని నరమే. ఆ నరాన్ని కాపాడే ఏర్పాటు ఇంకా లేదు.

డయాలసిస్‌కి అన్నిటికంటే మేలైన దారి ఫిస్టులా. మణికట్టు దగ్గర ధమనికి, బొటనవేలి వైపు పైకి పోయే సెఫాలిక్ వెయిన్‌కి కుట్టు వేసి కలుపుతారు. ఆ నరం లావై, గోడ గట్టిపడి, సూదులు తట్టుకునే స్థితికి రావడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. బాగా కుదిరితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇప్పుడు మణికట్టు పైన బొటనవేలి వైపు చూడండి. ఎవరికైనా తేలిగ్గా కనబడే, నిటారుగా ఉండే, కాన్యులా సాఫీగా జారే నరం అదే. తొందరలో ఉన్న హౌస్ సర్జన్ చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. జ్వరానికో, విరేచనాలకో అడ్మిట్ అయిన 45 ఏళ్ల జీడి రైతుకి క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 3 ఉందని కేస్ షీటులో ఉంటుంది, లైను వేసే మనిషికి ఆ కాగితం చూసే తీరిక ఉండదు. ఆ నరంలో నాలుగు రోజులు గొట్టం ఉండి, వాచి, లోపల గోడ మందమై మూసుకుపోతుంది. రెండేళ్ల తర్వాత డయాలసిస్ అవసరమైనప్పుడు సర్జన్ ఆ చెయ్యి పట్టుకుని చూస్తే నరం తాడులా గట్టిగా తగులుతుంది.

అప్పుడు మెడలో క్యాథటర్ వేయాలి. దానితో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, జ్వరం వస్తే మళ్లీ అడ్మిషన్, ఛాతీలోని పెద్ద నరం సన్నబడితే ఆ వైపు చెయ్యి ఇక ఫిస్టులాకి కూడా పనికిరాదు. ఇదంతా ఒక తప్పు చోట వేసిన 22 నంబరు కాన్యులాతో మొదలవుతుంది.

ఇక్కడే నిపుణుల అవసరం తెలుస్తుంది. మామూలు రోగికి ముంజేయి మంచి చోటు, అక్కడ లైను ఎక్కువ రోజులు నిలుస్తుంది. కిడ్నీ రోగికి అదే ముంజేయి ముట్టుకోకూడదు, అరచేతి వెనక వైపు వేయాలి, అదీ ఎక్కువ వాడే చేతికి వేస్తే మేలు. పీఐసీసీ లైను (చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా పోయే పొడవాటి గొట్టం) కూడా కిడ్నీ డాక్టరును అడగకుండా వేయకూడదు. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద రెండు వేర్వేరు నియమాలు. రోజంతా ఇదే పని చేసేవాళ్లకి ఇవి చేతికి అలవాటవుతాయి. నెలకో వార్డు మారే హౌస్ సర్జన్ మీద ఈ భారం పెట్టి, తప్పు జరిగితే అతన్ని తిట్టడం న్యాయం కాదు.

6. ఇంకొన్ని చోట్ల కూడా ఈ అవసరం కనిపిస్తోంది. సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి వచ్చే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పిల్లలకు నొప్పి వచ్చినప్పుడల్లా లైను కావాలి, పదేళ్లకే వాళ్ల చేతుల్లో నరాలు అయిపోతున్నాయి. రక్తపింజరి కాటు రోగికి రక్తం గడ్డకట్టదు, గుచ్చిన ప్రతి చోటా కారుతూనే ఉంటుంది, కాబట్టి మొదటిసారే కుదరాలి. 10 వయల్స్ యాంటీ వెనమ్ సుమారు గంటలో ఎక్కాలంటే లైను నమ్మకంగా ఉండాలి. విశాఖకు రిఫర్ చేసే రోగుల విషయమూ అంతే. శ్రీకాకుళం నుంచి వందకు పైగా కిలోమీటర్లు. దారిలో లైను పోతే కదిలే 108లో ఉండే ఈఎంటీ (అంబులెన్సు వైద్య సిబ్బంది) ఏం చేయాలి?

7. సిబ్బందికి సూది గాయాలు. తొందరలో వాడిన సూదికి మూత పెట్టబోయి గుచ్చుకునేవాళ్లు ఎందరో. హెచ్‌ఐవీ ఉన్న రక్తమైతే ఒక్కో గాయానికి ముప్పు 0.3 శాతం, హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్లకి 6 నుంచి 30 శాతం.

లైన్ల పనికి ప్రత్యేక మనుషులను పెట్టడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1940లోనే ఈ పనికి ఒక నర్సును ప్రత్యేకంగా పెట్టారు. 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో రోగులను లాటరీ పద్ధతిన రెండు గుంపులు చేసి చూశారు. జూనియర్ డాక్టర్లు చూసిన లైన్లలో 21.7 శాతానికి వాపు లక్షణాలు వస్తే, ప్రత్యేక బృందం చూసినవాటిలో 7.9 శాతానికే వచ్చాయి. దాదాపు మూడింట రెండు వంతుల వాపులు తగ్గాయన్నమాట.

మా డిమాండ్లు ఇవి.

8. ప్రతి బోధనాసుపత్రిలో ఎనిమిది మంది స్టాఫ్ నర్సులతో లైన్ బృందం వేయండి. లెక్క ఇలా: ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు. వారానికి 35 డ్యూటీలు. ఒక్కొక్కరు ఆరు చేస్తే ఆరుగురు కావాలి, సెలవులకు ఇద్దరు. నర్సులే చాలడం లేదు, ఎనిమిది మందిని ఎక్కడి నుంచి తెస్తామని మీరంటారని తెలుసు. ఈ పని ఇప్పటికే అన్ని వార్డుల నర్సులూ, డాక్టర్లూ ముక్కలు ముక్కలుగా చేస్తున్నారు, రెండోసారి మూడోసారి కూడా చేస్తున్నారు. ఒకసారి వేసిన లైను నిలిస్తే మొత్తం పని తగ్గుతుంది. అయినా ఉన్నవాళ్లలోంచే లాగి వార్డులు ఖాళీ చేయవద్దు. కనీసం నలుగురినైనా కొత్తగా తీసుకోండి.

9. వీళ్లను వేరే డ్యూటీకి లాగకూడదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఇది లేకపోతే నెల తిరిగేసరికి బృందం కాగితం మీదే మిగులుతుంది. వ్యాక్సినేషన్‌కనీ, వీఐపీ క్యాంపుకనీ ముందు పట్టుకెళ్లేది వీళ్లనే.

10. రెండు ప్రయత్నాల నియమం. ఒకరు రెండుసార్లకు మించి గుచ్చకూడదు. కుదరకపోతే రెండో సభ్యురాలు మరో రెండు. అంతటితో ఆపి మత్తు డాక్టరును పిలవాలి. పసిపిల్లల తలలోనో, కాళ్లలోనో పదిసార్లు గుచ్చడం ఇక ఆగాలి.

11. ప్రతి బృందానికి ఒక ట్రాలీ. పూటకు సరిపడా: 18 సైజువి 10, 20వి 30, 22వి 20, 24వి 15 కాన్యులాలు, అన్నీ కలిపి 75. అన్నే పారదర్శక డ్రెస్సింగులు, వంద క్లోర్‌హెక్సిడిన్ స్వాబ్‌లు, ఎనభై 10 మిల్లీలీటర్ల సెలైన్ యాంప్యూళ్లు, అన్నే సిరంజిలు, పిల్లలకు చెయ్యి కదలకుండా కట్టే స్ప్లింట్లు, నాలుగు టూర్నికేలు, మార్కర్ పెన్ను, గుచ్చుకోని తెల్ల షార్ప్స్ డబ్బా, గొట్టాలకు ఎర్ర సంచి. సెలైన్ యాంప్యూల్ ఒక్కో రోగికి ఒక్కొక్కటి. వార్డు బల్ల మీది ఉమ్మడి బాటిల్‌ను ఆ రోజే తీసేయించండి. ట్రాలీలో సామాను అయిపోతే రోగి బంధువు చేతికి చీటీ ఇచ్చి బయట మెడికల్ షాపుకి పంపే పరిస్థితి రాకుండా ఇండెంట్ (సామాను కోరే పత్రం) రెండు వారాల ముందే వెళ్లాలి.

12. ఇన్‌ఫ్రారెడ్ వెయిన్ ఫైండర్ (చర్మం కింద నరాలను చూపే పరికరం) ఆసుపత్రికి ఒకటి చాలు. చర్మం కింద సుమారు సెంటీమీటరు లోతు వరకే అది చూపిస్తుంది, అన్నిటికీ మందు కాదు. అల్ట్రాసౌండ్ ఇంకా మంచిది, కానీ చేతిలో పట్టే చిన్న యంత్రమైనా లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ కావాలి, అర్హులే వాడాలి. ఆ చట్టాన్ని మేము గౌరవిస్తాం. మత్తు విభాగంలో రిజిస్టరైన యంత్రాన్ని ఆ విభాగం డాక్టరు కష్టమైన నరాలకు వాడేలా ఏర్పాటు చేయండి.

13. క్రియాటినిన్ ఎక్కువున్న ప్రతి రోగికీ, ఉద్దానం మండలాల నుంచి వచ్చి ఇంకా రిపోర్టు రాని ప్రతి రోగికీ, అడ్మిషన్ దగ్గరే ఎక్కువ వాడని చేతికి రంగు పట్టీ కట్టండి. దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "ఈ చేతికి సూది వద్దు, బీపీ వద్దు, రక్తం తీయవద్దు" అని ఉండాలి. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు ఈ మాటే నోటితోనూ చెప్పి పంపాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకునేటప్పుడు అతనే చెయ్యి వెనక్కి లాక్కోగలగాలి. దీనికి ఖర్చు దాదాపు ఏమీ లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

14. హౌస్ సర్జన్లకు చెయ్యి తిరగదేమోనన్న భయం సీనియర్ ప్రొఫెసర్లలో ఉంది. ఆ భయం సరైనదే. లైను వేయడం వాళ్లు నేర్చుకుని తీరాల్సిన విద్య. అందుకే ప్రతి హౌస్ సర్జన్‌కీ మొదటి నెలలోనే వారం రోజులు ఈ బృందంతో పోస్టింగ్ వేయండి. ముందు ప్లాస్టిక్ చెయ్యి మీద, తర్వాత పక్కన నిలబడి చూసే నర్సు ఎదుట రోగి చేతి మీద. క్యాజువాలిటీ, లేబర్ రూమ్, థియేటర్, ఐసీయూల్లో అత్యవసర లైన్లు ఎప్పటిలా డాక్టర్లే వేస్తారు. మెడలో, తొడలో వేసే పెద్ద లైన్లు ఈ బృందం పరిధిలోకి రావు.

15. బృందం పూటకోసారి వార్డులన్నీ తిరిగి ప్రతి లైనుకూ మార్కు వేయాలి. 24 గంటలుగా ఏ మందూ ఎక్కని లైను ఉంటే డ్యూటీ డాక్టరును అడిగి తీసేయాలి. పిలుపు వచ్చిన సమయం, వేసిన సమయం, చోటు, సైజు, ఎన్నో ప్రయత్నంలో కుదిరింది, ఎందుకు తీశారు అన్నవి ఒక రిజిస్టరులో రాయాలి. మొదటి ప్రయత్నంలోనే కుదిరినవి నూటికి ఎన్ని, వాచినవి నూటికి ఎన్ని అన్న రెండు అంకెలు నెలనెలా వార్డు బోర్డు మీద రాయండి. జనం చూడనివ్వండి.

16. మొదట ఒక్క బోధనాసుపత్రిలో మెడిసిన్, పిల్లల వార్డుల్లో 90 రోజులు నడిపి చూడండి. బృందం మొదలుకాకముందు నెల అంకెలు కూడా రాయించండి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఫలితం బాగుంటే టెక్కలి, రాజాం, బొబ్బిలి వంటి చోట్లకు ఇద్దరు ముగ్గురితో చిన్న బృందాలు వేయవచ్చు.

17. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. కుదరదంటే ఏ అంశం ఎందుకు కుదరదో అంశాలవారీగా చెప్పండి. ఒప్పుకుంటే ఒక బాధ్యతగల అధికారిని నియమించి మాతో కూర్చోబెట్టండి. శిక్షణ పాఠం, రిజిస్టరు నమూనా, చేతి పట్టీ మీద రాయాల్సిన మాటలు తెలుగులో సిద్ధం చేసి ఇవ్వడానికి, డ్యూటీ అయ్యాక ఉండి శిక్షణ ఇవ్వడానికి మాలో అనుభవమున్న నర్సులు, మత్తు డాక్టర్లు ముందుకొచ్చారు.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల డ్యూటీ డాక్టర్లు, హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు